కత్తిచేప కన్ను

మార్చి 3

అన్నయ్యా,

నీ పార్సిల్ నిన్న మధ్యాహ్నం వచ్చింది. వచ్చిందని నాకంటే ముందు మా ల్యాబ్ మొత్తానికి తెలిసింది. ఎండబెట్టినా, ఉప్పు పట్టించినా, మూడు కవర్లలో చుట్టినా నీ చేప వాసన నీ చేపదే. గేటు దగ్గరి మనిషి దాన్ని చేత్తో ముట్టుకోకుండా కాలితో తోసుకుంటూ నా బల్ల దాకా తెచ్చాడు. ఇరవై రెండు ముళ్ళు, ఇరవై రెండు చీటీలు. లెక్క సరిపోయింది.

"ఆ ఎముకలతో మీ చెల్లెలు ఏం చేస్తుంది, దండ గుచ్చుకుంటుందా" అని వదిన అడిగిందని రాశావు. ఆవిడకి ఇది చదివి వినిపించు. కత్తిచేప కడుపు కింద, తోకకు ముందు ఒక రెక్క ఉంటుంది కదా. అందులో రెండో ముల్లును ఉల్లిపొరంత పలచగా కోసి, కింద దీపం పెట్టి చూస్తే వలయాలు కనిపిస్తాయి. ఏడాదికొకటి. మిగతా చేపలకైతే చెవిలో ఉండే రాయిని చూసి వయసు చెబుతాం. కత్తిచేప మనిషిని మించి పెరిగినా దాని చెవిరాయి మాత్రం ఆవగింజంత. పోనీ పొలుసులు చూద్దామంటే పెద్దయ్యాక పొలుసులే ఉండవు. అందుకే నీ ముళ్ళ కోసం కాచుకుని కూర్చుంటాను.

ఒక్క అనుమానం. పద్నాలుగో నంబరు చీటీ మీద రెండు వందల పన్నెండు సెంటీమీటర్లు అని ఉంది. ముల్లులో మూడే వలయాలు. మూడేళ్ళ పిల్ల అంత పొడవు ఎలా పెరిగింది? కత్తి వదిలేసి, కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకానే కొలిచావు కదా? కత్తితో కలిపి కొలిస్తే ఎవరి చేపైనా పొడవే.

ఇంకోటి. ఈమధ్య నీ అక్షరాలు గోడమీది ప్రకటనల్లా తయారయ్యాయి. పేజీకి ఆరు లైన్లు. ఎవరికి కనపడాలని?

ఫోన్ చెయ్యమంటావు. చేస్తే నీ మాటలో సగం గాలి తింటుంది, మిగతా సగం ఇంజను తింటుంది. ఉత్తరమే నయం.

నీ చెల్లెలు

*

మార్చి 16

వయసులు చెప్పే చెల్లెమ్మకు, వయసు దాచుకునే అన్న రాయునది.

పద్నాలుగో నంబరు నాకు బాగా గుర్తు. మా పళ్ళ డాక్టరుకు పడింది. ఆయన ఊరందరి నోళ్ళూ చూసి చూసి విసుగు పుట్టి, వేట సరదాకి డబ్బు కట్టి నెలకోసారి నా బోటెక్కుతాడు. నోట్లో ఒక్క పన్నూ లేని చేప కోసం పళ్ళ డాక్టరు ఇంత దూరం రావడం ఏమిటో ఆయనకే తెలియాలి. రెండు వందల పన్నెండంటే పన్నెండే. నేను కొలిచాను, నేను రాశాను.

నువ్వు గాజుపలక మీద చేపను చూస్తావు, అది పైకి ఎలా వస్తుందో ఏనాడూ చూడలేదు. పగలు ఆవిడ ఐదు వందల మీటర్ల లోతున చీకట్లో ఉంటుంది. ఆవిడ అనే అంటాను, ఎందుకంటే పెద్దవన్నీ ఆడవే అని నువ్వే చెప్పావు. ఎరగా పెట్టే మెత్తటి స్క్విడ్‌ను గాలానికి దారంతో కుట్టాలి. బొత్తం కుట్టినట్టు కాదు, బొంత కుట్టినట్టు గట్టిగా. ఆవిడ వస్తూనే తినదు, ముందు కత్తితో ఒక దెబ్బ కొడుతుంది. కుట్టు ఊడిందా, ఎర పోయింది. వేళ్ళు మొద్దుబారాయని ఈమధ్య ఆ కుట్టుపని మా డెక్కు మీద పనిచేసే పెద్దమనిషికే వదిలేశాను.

సీసం గుండు కట్టి ఎర దింపాక ఇక గాలపు కర్ర కొసను చూస్తూ కూర్చోవడమే. అంత కింద, ఇద్దరు మనుషుల బరువున్న చేప ఎరను కొడితే పైన కర్ర కొస దోమ వాలినట్టు కదులుతుంది. అల వల్ల కదిలిందా, ఆవిడ వల్ల కదిలిందా అన్నది చెప్పగలిగినవాడే కెప్టెన్. మిగతావాళ్ళంతా బోటు డ్రైవర్లు.

అయితే ఆరు వారాలుగా కాటే లేదు. పొద్దున వెళ్తున్నాం, సాయంత్రం ఉత్త చేతులతో వస్తున్నాం. చేపలు ఎటో వెళ్ళిపోయాయి. మీ పుస్తకాల్లో దీనికి ఏమైనా కారణం రాశారేమో చూడు.

అక్షరాలంటావా, పడవ ఊగుతుంటే రాస్తున్నాను. సన్నగా రాస్తే ఊగిన చోటల్లా తెగిపోతాయి.

మీ అన్న

*

ఏప్రిల్ 2

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి నాలుగోసారి రాస్తున్నాను. ఫోన్‌లో అయితే ఏడుస్తాను.

పద్నాలుగు ఒక్కటే కాదు. ఏడు, పదకొండు, పంతొమ్మిది కూడా అంతే. చీటీలేమో రెండు మీటర్లు దాటిన చేపలంటున్నాయి. ముళ్ళు చూస్తే మూడేళ్ళ పిల్లలవి. వలయాలు లెక్కపెట్టక్కర్లేదు, లావు చూస్తేనే తెలిసిపోతోంది. మూడేళ్ళ కత్తిచేప నూట నలభై ఉంటుంది, మహా అయితే ఇంకాస్త. నూట యాభైకి తక్కువున్నదాన్ని తిరిగి నీళ్ళలో వదలాలన్న చట్టం నాకన్నా నీకే బాగా తెలుసు.

మా పెద్దసారు పట్టిక చూసి, మీ అన్నగారు చిన్న చేపల్ని పెద్దవిగా రాసి పంపుతున్నారా అని అడిగారు. మెల్లిగానే అడిగారు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. నీ ముళ్ళు నమ్మదగినవని నాలుగేళ్ళ క్రితం సంతకం పెట్టింది నేను. చేపలు లేవని రాశావు, పక్క బోట్లవాళ్ళ ముళ్ళు వారంవారం వస్తూనే ఉన్నాయి. బేరం పోకుండా ఉండాలని పిల్లచేపల్ని చంపుతున్నావా? పైగా వాటిని నా పట్టికలో దాస్తున్నావా? నువ్వు అబద్ధాలకోరువు అవుతావని నేను కలలో కూడా అనుకోలేదు. నిజమైతే ఒప్పుకో. కాకపోతే నన్ను తిట్టు. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి.

ఇంత కోపంలోనూ నీకు చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది. మొన్న పక్క బల్ల మీద ఒక కత్తిచేప తల కోశారు. కన్ను కమలాపండంత. దాని వెనక ఒక కండ ఉంది. మామూలుగా కంటిని తిప్పాల్సిన కండ, కానీ ఈ చేపలో అది తిప్పడం మానేసి వేడి పుట్టించే పనిలో పడింది. లోతు నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉన్నా కన్నూ మెదడూ వెచ్చగా ఉంటాయి. చల్లటి కన్ను మందకొడిది, కదిలేవాటిని పట్టలేదు. వెచ్చటి కన్ను పట్టేస్తుంది. ఆ చీకట్లో మిగతా చేపలు చూడలేని కదలికను ఇది ఒక్కటే చూస్తుంది. ఒళ్ళంతా చల్లబడినా సరే, చూపు మాత్రం చల్లబడనివ్వదు.

జవాబు రాయి.

చెల్లెలు

*

ఏప్రిల్ 15

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అందింది. కన్ను సంగతి నాకూ వదినకూ తెగ నచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ కళ్ళను చూస్తున్నాను, వెనకాల పొయ్యి ఉందని తెలియదు. ఉత్తరం మరీ చిన్నదిగా రాశావేం, పని ఎక్కువగా ఉందా? అందరూ క్షేమమని రాశావు, సంతోషం.

నాకొక సందేహం. ఊరికే అడుగుతున్నాను. ఆ పొయ్యి ఆరిపోతే ఏమవుతుంది? చూపు పోయిన కత్తిచేప బతుకుతుందా? బతికితే ఎన్నాళ్ళు? అలాంటిదాన్ని మీరెప్పుడైనా చూశారా? వివరంగా రాయి, రెండు లైన్లలో తేల్చెయ్యకు.

నిన్న ఎందుకో నాన్న గుర్తొచ్చాడు. నీటికాసులతో చూపు పోయాక చివరి పదేళ్ళూ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, అడుగుల చప్పుడును బట్టి మనల్ని పోల్చుకునేవాడు. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వచ్చేదానివి, ఆయన మోసపోయినట్టు నటించేవాడు. అంత పెద్ద కెప్టెనుకు చివరికి మిగిలింది ఒక కుర్చీ.

సరే, అవన్నీ ఎందుకు. వాతావరణం బాగుంది. చేపలు మాత్రం ఇంకా లేవు.

మీ అన్న

*

ఏప్రిల్ 29

కెప్టెన్ గారికి,

మూడు పేజీలు రాస్తే చిన్న ఉత్తరం అన్నారు. మిమ్మల్ని అడగకూడని మాట అడిగి నాలుగు రాత్రులు నిద్రపోలేదు నేను. మీరేమో నాన్న కుర్చీని మధ్యలోకి తెచ్చారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

మీ సందేహానికి జవాబు. చూపు పోయిన కత్తిచేప బతకదు. ఆ చేప వేటంతా కంటితోనే. కన్ను పోతే అంతే.

మీరు పంపిన ఇరవై రెండు చేపల్నీ పట్టికలోంచి తీసేస్తున్నాను. ఇక మీదట నాకు ముళ్ళు పంపవద్దు. వదినకు నా నమస్కారాలు.

ల్యాబ్ సహాయకురాలు

*

మే 10

చెల్లెమ్మా,

ఇది కోపంగా రాద్దామని మొదలుపెట్టాను. నాలుగు కాగితాలు పాడయ్యాయి, కోపం పోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు వదిన వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. రెండు రోజులు ఆగలేక దాన్ని జేబులో పెట్టుకుని బోటెక్కాను. నడిసముద్రంలో, చేతులు తడిగా ఉన్నాయి కాస్త చదివి పెట్టండని పళ్ళ డాక్టరుకు ఇచ్చాను. ఆయన రోగికి ఏ పన్ను పీకాలో చెప్పినంత స్పష్టంగా, గట్టిగా చదివాడు. చూపు పోయిన చేప బతకదు అన్నాడు. ఇరవై రెండూ తీసేశారు అన్నాడు. చివర్లో ల్యాబ్ సహాయకురాలు అని కూడా చదివాడు. బోటు మీద ఆరుగురున్నారు.

నువ్వు ఏప్రిల్లో నన్నేం అడిగావో నాకు ఇంతవరకూ తెలియదు. ఎందుకంటే ఆ ఉత్తరం నేను చదవలేదు. కళ్ళజోడు విరిగిందని చెప్పి ఏడాదిగా నీ ఉత్తరాలన్నీ వదిన చేత చదివించుకుంటున్నాను. ఆవిడ ఆ రోజు కన్ను సంగతి ఒక్కటి చదివి, ఇక అందరూ క్షేమం అని మడిచి పెట్టేసింది. ఇప్పుడు నిలదీస్తే, "అన్నాచెల్లెళ్ళ మధ్య నేనెందుకు నిప్పు పెట్టాలి" అంటోంది.

కళ్ళజోడు విరగలేదు. నాకు కనిపించడం లేదు. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుంది. చేపను చూస్తే ఎంతో చెప్పగలను, టేపు మీది లావు అంకెలు దగ్గరగా పట్టుకుంటే అందుతాయి, చేత్తో తడిమి ముల్లు చిన్నదో పెద్దదో చెప్పగలను, నా చేతి పెన్సిలు రాత మాత్రం చదవలేను. చీటీలు వరుసగా డబ్బాలో వేసుకుని, ఆ వరుసలోనే ముళ్ళకు కట్టేవాణ్ణి. నీకు పార్సిల్ కట్టే రోజు రేవు గట్టున డబ్బా బోర్లాపడింది. చీటీలన్నీ పడిన వరుసలోనే ఏరాను, కొన్ని ముందువెనకలయ్యాయి. ఏది ఏదో తెలియలేదు. ఎవరినైనా పిలిచి అడిగితే సరిపోయేది. కెప్టెను తన చీటీ తాను చదువుకోలేకపోతున్నాడని రేవంతా తెలుస్తుందని, వరుస ఇదే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని కట్టేశాను. తప్పు అక్కడ జరిగింది. మూడేళ్ళ పిల్ల అన్నావు కాబట్టి నీ అనుమానం ఏమిటో ఊహించగలను. పిల్లచేపను ఒక్కదాన్నీ చంపలేదు, అది నమ్ము.

చేపలు ఎటూ వెళ్ళలేదు. కాటు వేసి పోతున్నాయి. కర్ర కొస నాకు కనిపించడం లేదు, అంతే. చుక్కాని మూడు నెలల క్రితమే డెక్కు పెద్దమనిషికి ఇచ్చేశాను, అతనికీ లైసెన్సు ఉంది. నాకు జూలైలో చూపు పరీక్ష. అది పోతే బోటు పోయినట్టే. డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటావా? నాన్నకు వచ్చిందే నాకూ వచ్చిందని చెబుతారని భయం. చెప్పనంత కాలం రానట్టే కదా. ఇంత వయసొచ్చి ఇలా ఆలోచించానని నవ్వుకో, నాకేం ఫర్వాలేదు.

పళ్ళ డాక్టరు ఉత్తరం మడిచి, నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. "నా శాఖ కాదు గానీ, నల్లగుడ్డు మీద తెల్లగా ఏదో ఉంది. ఎవరికైనా చూపించండి" అన్నాడు. ఇంకా ఎవరికీ చూపించలేదు.

అన్న

*

మే 14

అన్నయ్యా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను, సగంలో కూర్చున్నాను. నన్ను క్షమించు అని రాస్తే అది చాలా చిన్న మాట. అయినా రాస్తున్నాను, క్షమించు.

వెంటనే నీ ముళ్ళ పెట్టె మళ్ళీ తీశాను. పద్నాలుగో చీటీతో వచ్చింది మూడేళ్ళ పిల్ల ముల్లు. పదిహేనో చీటీ నూట యాభై రెండు సెంటీమీటర్లు అంటోంది, దానితో వచ్చిన ముల్లులో తొమ్మిది వలయాలు. అప్పుడు దాన్ని చూసి ఎవడో ముదురు మగ చేప కాబోలు, మగవి ఎంత వయసొచ్చినా చిన్నగానే ఉంటాయి అనుకుని పక్కన పెట్టాను. ఇప్పుడు రెండు చీటీలూ అటుదిటు మార్చాను. తొమ్మిదేళ్ళ ఆవిడ రెండు వందల పన్నెండు, మూడేళ్ళది నూట యాభై రెండు. ఏడూ ఎనిమిదీ అంతే. పదకొండూ పన్నెండూ అంతే. పంతొమ్మిదీ ఇరవయ్యీ అంతే. ఒక్కో చేపకూ దాని వయసు దానికి వచ్చేసింది. అన్నీ చట్టం ప్రకారం పట్టినవే. పెద్దసారు గదికి వెళ్ళి పట్టిక బల్ల మీద పరిచి చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "మీ అన్నగారికి నా తరఫున కూడా క్షమాపణ రాయండి" అన్నారు.

చూపు పోయిన చేప బతకదని రాశాను. అది నీ మీద ఉన్న కడుపుమంటతో రాసింది. నిజానికి అలాంటి చేపను ఎవరూ వెంబడించి చూడలేదు. తెలియదు అని రాయాల్సింది. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశాను, మా వృత్తిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

ఇప్పుడు నా మాట విను. రేపే వెళ్ళి చూపించుకో. నాన్నకు చెప్పేవాళ్ళు లేక ఆలస్యమైంది, నీకు చెప్పడానికి నేనున్నాను, వదిన ఉంది, పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు. నీటికాసులే అయినా మందులతో ఉన్న చూపును నిలబెట్టొచ్చు. నన్ను రమ్మంటే రాత్రి బస్సెక్కుతాను. వదినకు చెప్పు, ఈ ఉత్తరం మాత్రం ఒక్క ముక్క వదలకుండా చదవమని.

నీ చెల్లెలు

*

మే 25

చెల్లెమ్మా,

వదిన మొత్తం చదివింది. "ఈ ముక్క నన్ను దెప్పడానికే రాసింది" అంటూ ఆ ముక్క కూడా చదివింది.

కంటి ఆసుపత్రికి వెళ్ళాం. గోడ మీద అక్షరాల బోర్డు చూపించారు. పై వరుస ఒక్కటి చెప్పాను, అదీ ఎవరో ముందు చెబుతుంటే విని. తర్వాత ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమని కంట్లోకి ఫుస్సున గాలి కొట్టారు. కంట్లో ఒత్తిడి కొలవడానికట. నాన్నకు పెరిగింది అదే. ఆ గాలి కొట్టినప్పుడు వదిన నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇంకా నొప్పిగా ఉంది.

డాక్టరమ్మ కాగితం చూసి, ఒత్తిడి మామూలుగానే ఉందంది. నీటికాసులు కాదంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి, తీసేసి కొత్త లెన్సు పెడతాం అంది. నేను మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆవిడ పెన్ను కింద పెట్టి, "పెద్దాయనా, మీకు మళ్ళీ కనిపిస్తుంది" అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. గుండెల మీంచి కొండ దిగింది. వదిన ముందు ఏడ్చింది, తర్వాత ఏడాదిపాటు దాచినందుకు ఇంటిదాకా తిట్టింది. కళ్ళజోడు విరగలేదని తనకు మొదటి నెలలోనే తెలుసట. సొరుగులో చూసిందట. మరి అడగలేదేం అంటే, నేను చెబుతానని ఎదురుచూసిందట. ఇంట్లో ఇద్దరమూ ఒకరినొకరం కాపాడుకుంటూ ఏడాది గడిపామన్న మాట.

జూన్ మూడున కుడి కన్ను, మూడు వారాలకు ఎడమది.

అన్న

*

మే 29

అన్నయ్యా,

ల్యాబ్‌లోనే చదివాను. గట్టిగా నవ్వానో ఏడ్చానో తెలియదు, పక్క బల్లవాళ్ళు మంచినీళ్ళు తెచ్చారు. గేటు దగ్గరి మనిషి కూడా వచ్చి, కెప్టెనుగారు బాగున్నారా అని అడిగి వెళ్ళాడు. నాన్న కుర్చీ నీకు రాదు. ఇంకేం రాయాలో తోచడం లేదు, చాలా హాయిగా ఉంది.

చెల్లెలు

*

జూలై 20

చెల్లెమ్మా,

ఈ అక్షరాలు చూడు. పేజీకి ఇరవై ఆరు లైన్లు పట్టాయి.

రెండు కళ్ళూ అయ్యాయి. చూపు పరీక్ష పాసయ్యాను. బోర్డు మీద చివరి వరుస కూడా చదివి, దాని కింద ప్రెస్సు పేరు ఉంటే అదీ చదివాను. అక్కడివాళ్ళు ఇక చాలన్నారు.

నిన్న సముద్రం మీదికి వెళ్ళాం. సీసం గుండు దిగింది, కర్ర కొస చూస్తూ నిలబడ్డాను. అలకు ఊగుతోంది, ఊగుతోంది, ఉన్నట్టుండి ఒక్క చిన్న అదురు. పళ్ళ డాక్టరు చూడలేదు. డెక్కు పెద్దమనిషీ చూడలేదు. నేను చూశాను. ఇప్పుడే లాగకండి, కత్తితో కొట్టింది, ఇంకా తినలేదు అన్నాను. కాసేపటికి తాడు వదులైంది. ఎరతో సహా పైకి వస్తోందన్న మాట. ఇక చుట్టండి అన్నాను. ఆవిడ నోరు మెత్తన, బలంగా లాగితే గాలం చీల్చుకుని పోతుంది, అందుకే రెండు గంటలు బతిమాలి తెచ్చాం. బోటు పక్కన కొలిస్తే రెండు వందల ముప్ఫై నాలుగు. టేపు మీద గీతలన్నీ విడివిడిగా కనిపించాయి. గుర్తుచీటీ గుచ్చి వదిలెయ్యమని పళ్ళ డాక్టరే అన్నాడు. వదిలేముందు ఆ కన్ను చూశాను. నీలంగా, పెద్దగా, తడిగా ఉంది. నన్ను చూసిందో లేదో తెలియదు గానీ నేను మాత్రం దాన్ని బాగా చూశాను. తోక ఒక్కసారి కొట్టి కిందికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి, నీ ఏప్రిల్ రెండో తేదీ ఉత్తరం ఇవ్వమని వదినను అడిగాను. ఇవ్వనంది. బీరువాలో చీరల కింద నేనే వెతికి తీసుకున్నాను. కిటికీ దగ్గర కూర్చుని నా అంతట నేను చదివాను. మూడు పేజీలు, నీ చీమల రాత, ఒక్క అక్షరం తప్పిపోలేదు. బేరం కోసం పిల్లచేపల్ని చంపుతున్నావా అన్నావు. అబద్ధాలకోరు అన్నావు. చాలా కోపం వచ్చింది. ఆ మాటల దగ్గర నువ్వు కలం ఎంత గట్టిగా నొక్కావో, ఎక్కడ సిరా చెదిరిందో కూడా కనిపించింది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివాను. వదిన వచ్చి, జరిగిపోయిందానికి ఇప్పుడెందుకు బాధపడటం అంటూ కాగితం లాక్కోబోయింది. నేను ఇవ్వలేదు.

"ఉండవే, ఇంకోసారి తిట్టించుకోనీ" అన్నాను.

మీ అన్న